నీళ్ళు తగలకూడని చోటు

మా ఊళ్ళో నీళ్ళని ఒక్క మాట అననివ్వం.
ఇసాఫ్యోర్దుర్‌లో కుళాయి తిప్పితే
కొండమీది మంచు నేరుగా గ్లాసులోకి దిగుతుంది.
ఎవరొచ్చినా ముందు అదే ఇస్తాం,
మేమే వడగట్టి దాచినంత గర్వంగా.

అందుకే ఈతకొలను గోడమీద
హల్‌బెరా అంటించిన కాగితం చాలామందికి గిట్టదు:
"ఈ నీళ్ళు తాగండి. ఇందులో మునగండి.
కంట్లో పెట్టుకునే లెన్సుకి మాత్రం చూపించకండి."
ఎవరో రెండుసార్లు చింపేశారు.
మూడోసారి మేకులు తెచ్చి కొట్టింది.

ఆడవాళ్ళ గదిలో తువ్వాళ్ళు మడతపెట్టడం నా ఉద్యోగం.
ఆరున్నరకి ఆమె వస్తుంది.
చలికాలంలో ఆమె వచ్చిన నాలుగు గంటలకి గానీ తెల్లవారదు.
సంచిలోంచి వాసన లేని సబ్బు తీస్తుంది,
వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు తోముకుంటుంది.
నా మెత్తని తువ్వాలు అందిస్తే వద్దంటుంది, నూగు రాలుతుందట.
కాగితంతో ఒక్కో వేలూ అద్దుకుంటుంది
అది తనది కానట్టు, ఎవరో పసిపిల్లది అయినట్టు.

కుడికన్ను ముందు. ఎప్పుడూ కుడే ముందు.
అరచేతి గుంటలో లెన్సు,
చేప పొలుసుకన్నా పలచన.
దానిమీద నాలుగు చుక్కల ద్రావణం,
చూపుడువేలితో మెల్లగా రుద్దుతూ పెదవులు కదుపుతుంది.
ప్రార్థన కాబోలనుకుని చాన్నాళ్ళు నేను తప్పుకుని నిలబడేదాన్ని.
ఇరవైదాకా లెక్కపెడుతోందట, అంతే.

ఆమెకి ఇరవై మూడేళ్ళు, రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
సీసా అయిపోయింది. కుళాయి పక్కనే ఉంది.
మా నీళ్ళకేం, అనుకుంది.
మరుసటి రాత్రి కూడా అనుకుంది.
ఆ నీళ్ళలో కంటికానని జీవి ఏదో,
తాగినవాళ్ళనేం చెయ్యదు గానీ
లెన్సు కింద మాత్రం కాపురం పెట్టింది.

జూన్ నెల. వెలుతురు సోకితే సూదులు గుచ్చినట్టు.
జూన్‌లో మాకు రాత్రే ఉండదు!
తండ్రి కిటికీలకి దుప్పట్లు కొట్టాడు,
తలుపు సందుల్లో వల ముక్కలు కుక్కాడు,
ఇల్లంతా తిరిగాడు గుప్పెడు చీకటి కోసం.
గంటకోసారి చుక్కలు, అర్ధరాత్రి అనబడే ఆ ఎండలోనూ.
కన్ను దక్కింది.
నల్లగుడ్డు మీద పాలచుక్కంత మచ్చ ఉండిపోయింది.

కంటికి రెప్ప కాపలా అంటారు.
రెప్ప కింద మన చేత్తో మనం పెట్టినదానికి
ఎవరమ్మా కాపలా?

నిన్న ఎయ్దీస్ వచ్చింది, ఈత జట్టు పిల్ల, పదహారేళ్ళు.
అద్దం ముందు ఎండిన లెన్సుని
నాలికమీద పెట్టుకోబోయింది.
హల్‌బెరా అరవలేదు.
పిల్ల డబ్బా మూత తిప్పి వాసన చూసింది,
నిన్నటిదాని మీద ఇవాళ్టిది, దానిమీద రేపటిది పోస్తూ
ఎన్నాళ్ళు గడిపిందో ఆ ద్రావణం.
డబ్బాతో సహా చెత్తబుట్టలోకి.
"అది మూడొందల క్రోనలు!" అంది పిల్ల.
"కన్నెంత?" అంది ఈమె.

తర్వాత తన కొత్త డబ్బా ఇచ్చింది.
కుడి మూతమీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క.
"పొద్దున పారబొయ్యి, ద్రావణంతోనే కడుగు, బోర్లించి ఆరనియ్యి.
మూణ్ణెల్లకి మార్చెయ్యి, ప్రేమ పుట్టినా సరే.
కన్ను ఎర్రబడితే తీసెయ్యి, డాక్టరు దగ్గరికి పో,
మీ అమ్మమ్మ చిట్కా దగ్గరికి కాదు."
పిల్ల తలూపింది. వింటుందో లేదో.
నేను ఆ వయసులో ఏం విన్నాను?

లెన్సులు తీసేశాక హల్‌బెరాకి లోకం ఒట్టి ఆవిరి.
చెయ్యి పట్టుకుని వేడినీటి తొట్టిదాకా నేనే తీసుకెళ్తాను.
మెట్టు, అంటాను. ఇంకో మెట్టు.
మెడదాకా మునిగి, కళ్ళు మూసుకుని అడుగుతుంది:
"అవతల కొండ కనిపిస్తోందా?"

మంచు కమ్మేసింది, ఏమీ లేదు, అన్నాను.

"అయితే ఇవాళ నువ్వూ నాలాగే," అంది,
కాస్త జరిగి నాకు చోటిస్తూ.